కంప్యూటర్ మూగబోతే: నా అనుభవం

నాకు చూపు లేదు. కంప్యూటర్ తెర మీద ఏముందో ఎన్‌వీడీఏ అనే ప్రోగ్రాం చదివి వినిపిస్తుంది, దాన్ని బట్టి పని చేసుకుంటాను. శబ్దం పోతే మిగతావాళ్లకు పాటలూ సినిమాలూ ఆగుతాయి. నాకు తెర మొత్తం పోతుంది. మిషను నడుస్తోందో లేదో కూడా ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టి తెలుసుకోవాలి. 2025 అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు రెండో వారం దాకా నా కంప్యూటర్‌లో శబ్దం ఒకసారి పూర్తిగా పోయింది, తర్వాత తనంతట తానే తగ్గిపోతూ వచ్చింది. నాలాంటివాళ్లకూ, నాలాంటివాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లకూ పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. నా పని రికార్డింగులు విని టైపు చేసి ఇవ్వడం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి భీమిలి నుంచి పూడిమడక దాకా తిరిగి మత్స్యకారుల మాటలు రికార్డు చేసి తెచ్చింది. వాటిని నవంబరు 10 లోపు అక్షరాల్లో పెట్టి ఇస్తానని ఒప్పుకున్నాను. ఒడ్డున కూర్చుని మాట్లాడిన మాటలు కాబట్టి గాలి హోరు ఎక్కువ. శబ్దం కాస్త తగ్గినా మాట అందదు. ఒక చెవిలో పెద్దాయన వలల గురించి చెబుతుంటే ఇంకో చెవిలో నేను టైపు చేసిన మాటను ఎన్‌వీడీఏ చదువుతూ ఉండాలి. శబ్దం మీద ఇంతగా ఆధారపడిన పని ఇంకొకటి ఉండదేమో.

అక్టోబరు 25, శనివారం. మా తమ్ముడి కొడుకు పదో తరగతి, చదువుకోవడానికి సాయంత్రాలు నా దగ్గరకే వస్తాడు. పాత మానిటర్ మసకబారిందని తమ్ముడు కొత్తది కొని తెచ్చి పెట్టాడు. పాతదానికి ఉన్న నీలం వైరు తీసేసి, కొత్తదాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపాడు. స్విచ్ వేశాం. ఫ్యాను తిరిగింది, కానీ ఎన్‌వీడీఏ మొదలయ్యేటప్పుడు వచ్చే చిన్న రాగం రాలేదు. కంట్రోల్, ఆల్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కాను, అది ఎన్‌వీడీఏను మళ్లీ లేపే దారి. చడీచప్పుడు లేదు. విండోస్ మీట, కంట్రోల్, ఎంటర్ నొక్కితే విండోస్‌లోనే ఉండే నెరేటర్ మాట్లాడాలి. అదీ మాట్లాడలేదు.

ఇక్కడ ఒక సంగతి తేలింది. చదివే ప్రోగ్రాములు రెండూ ఒకేసారి చెడిపోవు. అంటే చిక్కు వాటిలో లేదు, శబ్దం వెళ్లే దారిలో ఉంది. స్పీకర్ల పిన్ను తీసి నా ఫోనుకు గుచ్చి రేడియో పెట్టాను, గట్టిగా మోగింది. అంటే స్పీకర్లూ బాగానే ఉన్నాయి.

"ఒరేయ్ నాన్నా, కింద కుడి మూల స్పీకర్ బొమ్మ మీద ఏమైనా గీత కొట్టి ఉందేమో చూడు" అన్నాను.

"లేదత్తా, సౌండ్ డెబ్భై ఎనిమిదిలో ఉంది. మ్యూట్ కూడా లేదు."

ఆ డెబ్భై ఎనిమిది మా సాయంత్రమంతా తినేసింది. కళ్లున్నవాళ్లు చూసి చెప్పిన అంకె కదా అని దాన్ని నమ్మి, వెనక ఆకుపచ్చ జాక్, ముందు జాక్ మార్చి మార్చి గుచ్చుతూ కూర్చున్నాం. వాడి చదువూ, నా పనీ రెండూ ఆగిపోయాయి. చివరికి ఈ ఇంట్లో కొత్తగా వచ్చింది మానిటర్ ఒక్కటే కదా అనిపించి, హెచ్‌డీఎంఐ కేబుల్ పీకేశాను. పీకిన మరుక్షణం ఎన్‌వీడీఏ మాట్లాడింది. అప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వాడు మాత్రం "అత్తా, తెర నల్లగా అయిపోయింది" అని కంగారు పడ్డాడు. నాకు తెరతో పనేముంది! ఆ రాత్రి మానిటర్ లేకుండానే పని చేసుకున్నాను.

జరిగింది ఇది. హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మతో పాటు శబ్దాన్ని కూడా మోసుకెళ్తుంది. మా కొత్త మానిటర్‌కు స్పీకర్లు లేవు, వెనక ఇయర్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం మాత్రం ఉంది. అది చాలు, విండోస్ దాన్ని శబ్దం వినిపించే పరికరంగా లెక్కవేసి, ఇక నుంచి శబ్దమంతా దానికే పంపింది. మావాడు చూసిన డెబ్భై ఎనిమిది ఆ మానిటర్‌ది. నా స్పీకర్లకు చుక్క శబ్దం కూడా వెళ్లడం లేదు. మీ ఇంట్లో ఎవరైనా కొత్త మానిటర్‌గానీ టీవీగానీ తగిలించాక శబ్దం పోతే, అంకె ఎంతో అడగకండి. ఆ అంకె పైన ఏ పరికరం పేరు రాసి ఉందో చదవమనండి.

మర్నాడు ఆదివారం ఇద్దరం కలిసి సరిచేశాం. కేబుల్ తగిలిస్తే నాకు వినపడదు, తీసేస్తే ఆ మానిటర్ పేరు జాబితాలోంచి మాయమైపోతుంది. అందుకని కేబుల్ ఉంచే, నేను మీటలు చెబుతుంటే వాడు నొక్కి చదివాడు. విండోస్ మీటతో ఆర్ నొక్కి, ఎం ఎం ఎస్ వై ఎస్ డాట్ సి పి ఎల్ అని టైపు చేసి ఎంటర్ కొడితే శబ్దానికి సంబంధించిన పాత తరహా పెట్టె తెరుచుకుంటుంది. సెట్టింగుల్లో పది చోట్ల వెతకడం కంటే ఇదే దగ్గర దారి. మొదటి పేజీలో పరికరాల వరస ఉంటుంది. రియల్‌టెక్ (కంప్యూటర్‌లోని సౌండ్ చిప్ పేరు) అని ఉన్న స్పీకర్లను డిఫాల్ట్‌గా, అంటే శబ్దం ఎప్పుడూ వాటికే వెళ్లేలా పెట్టాం. మానిటర్ పేరు మీద కుడి బటన్ నొక్కి డిజేబుల్ చేశాం. అంతే, నా గొంతు నాకు వచ్చేసింది. మొత్తం ఐదు నిమిషాల పని.

అక్కడితో అయిపోయి ఉంటే ఇంత రాసేదాన్ని కాదు. సోమవారం నుంచి మొంథా తుఫాను వాన మొదలైంది. 28 రాత్రి అది తీరం దాటింది. మా వీధిలో కరెంటు పోయి వచ్చి పోయింది. ముందే ప్లగ్గులన్నీ పీకేసి, కంప్యూటర్ మీద దుప్పటి కప్పి, తలుపులు మూసుకుని కూర్చున్నాం. అయినా కిటికీ సందుల్లోంచి వచ్చే తడిగాలిని ఎవరు ఆపగలరు? సముద్రం పక్కన ఉండేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. మా ఇంట్లో తలుపు గొళ్లేలు కూడా ఏడాదికే తుప్పు పడతాయి.

30వ తేదీ, గురువారం పొద్దున మళ్లీ స్విచ్ వేశాను. ఎన్‌వీడీఏ మాట్లాడింది. హమ్మయ్య అనుకునేలోపు దాని గొంతు సన్నబడటం మొదలైంది. ఎవరో మాట్లాడుతూ గదిలోంచి నెమ్మదిగా బయటికి వెళ్లిపోతున్నట్టు, వాక్యం మొదట్లో ఉన్నంత గట్టిగా చివర్లో లేదు. కీబోర్డు మీద ఉన్న వాల్యూమ్ చక్రం పైకి తిప్పితే తిరిగి వచ్చింది. కాసేపటికి మళ్లీ అంతే. పైగా స్పీకర్ల మీద ఉన్న నాబ్ ముట్టుకుంటే చాలు, కరకరమని చెవులు చిల్లులు పడే మోత.

ఎన్‌వీడీఏ వాడేవాళ్లకు మొదట వచ్చే అనుమానం డకింగ్ మీదే. ఎన్‌వీడీఏ మాట్లాడేటప్పుడు మిగతా శబ్దాలను తగ్గించే ఏర్పాటు అది. ఎన్‌వీడీఏ మీట (మామూలుగా ఇన్‌సర్ట్), షిఫ్ట్, డి కలిపి నొక్కితే మారుతుంది. తీసేసి చూశాను, ఫలితం లేదు. ఆలోచిస్తే ఉండదు కూడా. డకింగ్ మిగతా శబ్దాలను తొక్కుతుంది, ఎన్‌వీడీఏ గొంతును కాదు. ఇక్కడ సన్నబడుతున్నది ఎన్‌వీడీఏ గొంతే.

ఆ పూట పని చేయడానికి ప్రయత్నించాను. ఒక చేత్తో చక్రం పైకి తిప్పుతూ ఇంకో చేత్తో టైపు చేశాను. మధ్యాహ్నానికి మెడ పట్టేసింది, రాసింది చూస్తే అరపేజీ. ఏ మాట నిజంగా వినలేదో, ఏది మధ్యలో శబ్దం పడిపోవడం వల్ల జారిపోయిందో తెలియక ప్రతిదీ రెండుసార్లు వినాల్సి వచ్చింది. ఒక ముసలమ్మ తన కొడుకు వేటకు వెళ్లి తిరిగిరాని సంగతి చెబుతోంది. ఆమె గొంతు అసలే చిన్నది. అది నా చేతుల్లో అలా మాయమవుతుంటే నాకు ఏడుపొచ్చింది.

తమ్ముడు ద్వారకానగర్‌లో ఒక రిపేరు షాపుకు ఫోన్ చేశాడు. "సీపీయూ ఒక్కటి తెండి చాలు" అన్నారు. 31, శుక్రవారం వాడు స్కూటర్ మీద సీపీయూ పెట్టుకుని ముందు వెళ్లాడు, నేను వెనక ఆటోలో వెళ్లాను. నేనే వెళ్లి చెప్పాలనుకున్నాను, ఎందుకంటే మధ్యలో ఇంకొకరు చెబితే "సౌండ్ సరిగ్గా రావట్లేదట" అని మాత్రమే చెబుతారు. కౌంటర్ దగ్గరి అబ్బాయికి అంతా వివరించాను. గొంతు ఎలా తగ్గుతోందో, ఎంతసేపటికి తగ్గుతోందో చెప్పాను. అతను మంచివాడే, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. కానీ అంతా విని "సౌండే కదా మేడమ్, ఫార్మాట్ కొడితే పోతుంది" అన్నాడు.

ఆ మాట దగ్గర నా గుండె ఝల్లుమంది. ఫార్మాట్ అంటే ఎన్‌వీడీఏ పోతుంది. ఏళ్ల తరబడి నా చెవికి తగ్గట్టు చేసుకున్న వేగం, పలకని తెలుగు మాటలకు నేను రాసి పెట్టుకున్న ఉచ్చారణలు, అన్నీ పోతాయి. "ఏం చేసినా నాకు ఫోన్ చేసి చెప్పండి, ఫార్మాట్ మాత్రం చేయొద్దు" అని రసీదు మీద రాయించాను. నాలాంటివాళ్లు ఎవరైనా మిషను ఇస్తుంటే ఈ ఒక్క మాట రాతలో పెట్టించుకోండి. నోటి మాట కౌంటర్ దాటి లోపలికి వెళ్లదు.

శనివారం ఫోన్ లేదు, ఆదివారం షాపుకు సెలవు. ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఫోన్లో తెర చదివే టాక్‌బ్యాక్ ఉంది, వార్తలు వింటాను, మాట్లాడతాను. కానీ గంటల కొద్దీ రికార్డింగు ముందుకీ వెనక్కీ జరుపుతూ పేజీల కొద్దీ టైపు చేయడం ఫోన్లో అయ్యే పని కాదు. బల్ల దగ్గరికి వెళ్లి ఖాళీ చోట చెయ్యి పెట్టి వచ్చేసేదాన్ని. "రెండు రోజులే కదక్కా" అన్నాడు తమ్ముడు. వాడి కళ్లకు ఎవరైనా శుక్రవారం గంతలు కట్టి మంగళవారం విప్పుతానంటే రెండు రోజులే కదా అంటాడా అని అడిగాను. వాడు నొచ్చుకున్నాడు, కానీ ఆ తర్వాత షాపుకు రోజూ వాడే ఫోన్ చేశాడు.

నవంబరు 3, సోమవారం సాయంత్రం వాళ్ల నుంచి కబురు. తమ దగ్గర శబ్దం తగ్గడం లేదట. డ్రైవర్ (శబ్దాన్ని నడిపే ప్రోగ్రాం) తీసేసి మళ్లీ వేశారట. అయినా మదర్‌బోర్డు మీద సౌండ్ చిప్ బలహీనపడి ఉండవచ్చు, విడిగా సౌండ్ కార్డు వేస్తే 1,500 అవుతుంది, ఎలాగూ విండోస్ 10కి అక్టోబరు 14తో సపోర్టు అయిపోయింది కాబట్టి పదకొండు వేయించుకుంటే మేలు అన్నారు. సపోర్టు అయిపోయిన మాట నిజమే. కానీ నాది ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్, విండోస్ 11 అధికారికంగా దానికి ఎక్కదు. 2026 అక్టోబరు దాకా భద్రతా అప్‌డేట్లు తీసుకునే వీలు ఉంది, దానికి నేను ముందే పేరు ఇచ్చుకున్నాను. పైగా అప్‌డేట్లు ఆగినంత మాత్రాన శబ్దం దానంతట అది తగ్గదు. వద్దని చెప్పి, మంగళవారం వెళ్లి చూసినందుకు 300 కట్టి తెచ్చుకున్నాను.

ఇంటికి తెచ్చి అన్నీ కలిపి స్విచ్ వేసేసరికి ఎన్‌వీడీఏ ఇల్లు అదిరేలా అరిచింది. పరీక్షించడానికి వాల్యూమ్ వందలో పెట్టి అలాగే వదిలేశారు. పక్కింటివాళ్లు కూడా ఉలిక్కిపడి ఉంటారు. ఎక్కడి నుంచైనా మిషను తిరిగి వస్తే ముందు స్పీకర్ల నాబ్ బాగా తగ్గించి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. ఇయర్‌ఫోన్లు అసలు చెవిలో పెట్టుకోవద్దు.

పావుగంట కాకుండానే గొంతు మళ్లీ సన్నబడింది. షాపులో రాని జబ్బు ఇంట్లో ఎందుకు వస్తోంది? షాపుకు వెళ్లింది సీపీయూ ఒక్కటే. మానిటర్ సంగతి ముందే తేలిపోయింది కాబట్టి, వెళ్లనివాటిలో మిగిలినవి స్పీకర్లు, కీబోర్డు, మౌస్. తెగులు ఈ మూడింట్లో ఒకదానిలో ఉండాలి.

ఇక్కడ నాకు బాగా సాయపడిన ఒక పరీక్ష చెబుతాను. విండోస్ మీటతో బి నొక్కితే తెర కింద మూల ఉండే బొమ్మల వరసలోకి వెళ్తాం. బాణం మీటతో జరుగుతూ స్పీకర్ బొమ్మ మీదికి వస్తే, పరికరం పేరూ వాల్యూమ్ ఎంత శాతమో ఎన్‌వీడీఏ చదువుతుంది. శబ్దం తగ్గినట్టు అనిపించినప్పుడల్లా అక్కడికి వెళ్లి అంకె వినాలి. చెవికి తగ్గినా అంకె తగ్గకపోతే, తగ్గింది విండోస్ మొత్తం వాల్యూమ్ కాదు. స్పీకరో, వైరో, జాకో, లేదా ప్రోగ్రాముల శబ్దాన్ని విడిగా తగ్గించే అమరికో కారణం. అంకె కూడా తగ్గుతుంటే, దాన్ని తగ్గించమని ఎవరో విండోస్‌కు ఆజ్ఞ ఇస్తున్నారన్నమాట.

ఆ మంగళవారం రాత్రి అక్కడే కూర్చుని విన్నాను. అరవై. కాసేపాగి విన్నాను, యాభై ఎనిమిది. తర్వాత యాభై రెండు. తర్వాత నలభై నాలుగు. అన్నీ సరిసంఖ్యలే. కీబోర్డు మీద వాల్యూమ్ ఒకసారి తగ్గిస్తే విండోస్ రెండేసి చొప్పునే తగ్గిస్తుంది. నా చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి.

వాల్యూమ్ పైకి తెచ్చి, పొడుగాటి రికార్డింగు ఒకటి పెట్టి, కీబోర్డు వైరు పీకేశాను. గాలి హోరు, వెనక కాకుల అరుపులు, పెద్దాయన మాట. మొదట్లో ఎంత గట్టిగా ఉందో గంట తర్వాత కూడా అంతే గట్టిగా ఉంది. వైరు గుచ్చాను, కొద్దిసేపట్లో మునగడం మొదలైంది. చక్రాన్ని వేలితో మెల్లగా తిప్పి చూశాను. ఇదివరకు ఒక్కో మెట్టుకు టిక్ టిక్ అని వేలికి స్పష్టంగా తగిలేది. ఇప్పుడు ఆ మెట్లు మొద్దుబారి, మధ్యలో సన్నటి ఇసుక పడ్డట్టు గరగరమంటోంది. దొంగ దొరికింది. ఆ రాత్రి సగం బరువు దిగి నిద్రపోయాను.

మర్నాడు 5వ తేదీ, కార్తీక పౌర్ణమి. కొత్త కీబోర్డు కొనాలి, స్పీకర్ల కరకర కూడా తేల్చాలి. పూర్ణా మార్కెట్ వైపు పాత రేడియోలు, పెళ్లిళ్ల మైకు సెట్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. నాన్న కాలం నుంచి మాకు తెలుసు. పౌర్ణమి కదా, ఉండరేమోనని ఫోన్ చేస్తే "గుడికి వెళ్లి తొమ్మిదికల్లా వచ్చేస్తానమ్మా, ఆ స్పీకర్లూ కీబోర్డూ రెండూ పట్టుకురా" అన్నారు. రెండూ తెమ్మన్న మొదటి మనిషి ఆయనే.

కొట్లో వేడెక్కిన సీసం వాసన. ఆయన స్పీకర్ విప్పి, ఆ నాబ్ కింద ఉన్న చిన్న డబ్బా నా వేలికి తగిలేలా చెయ్యి పట్టుకుని చూపించారు.

"ఇదుగోనమ్మా, ఇది వాల్యూమ్ కంట్రోల్. దీని లోపల గుర్రపు నాడాలా కార్బన్ పూత ఉంటుంది. దాని మీద ఒక లోహపు వేలు జారుతూ ఉంటుంది. పూత మీద దుమ్మూ తేమా చేరితే ఆ వేలు ఆనీ ఆననట్టు ఆనుతుంది. అదే కరకర."

"మరి కీబోర్డు చక్రం బాబాయిగారూ? అది నేను ముట్టుకోకుండానే తగ్గిస్తోంది."

"అది వేరే జాతి. దానికి ఆ పూత ఉండదు. లోపల రెండు స్విచ్చులు ఉంటాయి. ఏది ముందు కలిసిందో చూసి పైకి తిప్పావా కిందికి తిప్పావా అని లెక్క వేసుకుంటుంది. ఉప్పుగాలికి చిలుము పట్టి ఒక స్విచ్చి వణికిందనుకో, నువ్వు తిప్పావనే అనుకుంటుంది."

స్పీకర్ కంట్రోల్ సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, నాబ్ నా చేతికిచ్చి "ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పుతూ ఉండు" అన్నారు. చల్లటి మందు వేలికి తగిలింది. తిప్పగా తిప్పగా బిగుతు పోయింది. కలిపి చూస్తే కరకర లేదు. వంద రూపాయలు తీసుకున్నారు. కీబోర్డు విప్పబోతే "దీనికి నేను తీసుకునే కూలికి ఇంకో రెండు వందలు వేస్తే కొత్తది వస్తుంది, వద్దమ్మా" అని తిరిగి ఇచ్చేశారు. పండగ పూట బేరం వదులుకుని నిజం చెప్పిన మనిషి. ఆయన చల్లగా ఉండాలి.

కొత్త కీబోర్డు డాబాగార్డెన్స్‌లో తీసుకున్నాను, 550. చక్రం ఉన్నది వద్దన్నాను. చూపులేనివాళ్లు కీబోర్డు కొనేటప్పుడు డబ్బా మీద రాసింది వినడం కంటే తెరిచి చేత్తో తడిమి చూసుకోవడం మేలు. ఎఫ్, జె మీటల మీద గీతలు వేలికి తగలాలి. పై వరసలో ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉండే మీటలు నాలుగేసి చొప్పున విడిగా ఉండాలి, కలిసిపోయి ఉంటే లెక్క తప్పుతుంది. కుడివైపు అంకెల మీటలు కూడా ఉండాలి, ఎన్‌వీడీఏ డెస్క్‌టాప్ అమరికలో చదివించే మీటలు చాలా వాటిలోనే ఉంటాయి. ఈ మూడూ ఉన్నది దొరికేసరికి షాపతను చాలా డబ్బాలు విప్పాడు, విసుక్కోలేదు.

అక్కడే 250 పెట్టి యూఎస్‌బీ సౌండ్ కార్డు కూడా కొన్నాను. బొటనవేలంత ఉంటుంది. ఇది అవసరమై కొనలేదు, భయంతో కొన్నాను. గుచ్చితే విండోస్ దానంతట అదే గుర్తుపడుతుంది, డ్రైవర్ సీడీ ఏదీ అక్కర్లేదు. మామూలుగా కొత్తగా వచ్చినదానికే శబ్దం పంపుతుంది కాబట్టి, రేపు మళ్లీ ఏ మానిటరో నా గొంతు లాక్కుపోతే దీన్ని గుచ్చి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే చాలు. చూసి చెప్పే మనిషి కోసం సాయంత్రం దాకా ఎదురుచూడనక్కర్లేదు. ఇంటికి రాగానే నిజంగా పనిచేస్తుందో లేదో పరీక్షించాను. స్పీకర్ల వైరు పీకి, దీన్ని గుచ్చాను. రెండు మూడు క్షణాల్లో చెవిలో మాట వినిపించింది. అప్పటి నుంచి అది నా టేబుల్ సొరుగులోనే, చెయ్యి చాపితే అందే చోట ఉంది.

6వ తేదీన హాయిగా పని సాగింది. సాయంత్రం పరిశోధక అమ్మాయి కంప్యూటర్‌లోనే వీడియో కాల్ చేసింది, తెలియని మాటలు ఇద్దరం కలిసి తేల్చుకుందామని. కాల్ కలిసింది, రికార్డింగు పెట్టాను. నూతిలోంచి వస్తున్నట్టు ఉంది. ఎన్‌వీడీఏ గొంతూ అంతే. ఆ అమ్మాయి గొంతు మాత్రం గట్టిగా వినిపిస్తోంది. ఒక్క క్షణం చేతులు చల్లబడ్డాయి, మళ్లీ మొదటికొచ్చిందా అని. వెంటనే విండోస్, బి నొక్కి అంకె విన్నాను. అరవై. కదలలేదు. అంటే ఇది పాత జబ్బు కాదు.

ఈసారి కారణం నాకు చప్పున తట్టింది. మనం కాల్ మాట్లాడుతున్నట్టు గమనిస్తే విండోస్ మిగతా శబ్దాలను 80 శాతం తగ్గిస్తుంది. అది దాని మామూలు ఏర్పాటు. అవతలి మనిషి మాట వినబడాలని పెట్టారు. చూపున్నవాళ్లకు మంచిదే, తెర చదివే గొంతును కూడా తొక్కేస్తే నాకు మాత్రం కాల్ వస్తే చూపు తగ్గినట్టే. ఇందాకటి సౌండ్ పెట్టెలోనే చివరి పేజీ కమ్యూనికేషన్స్. కంట్రోల్, ట్యాబ్‌తో అక్కడికి వెళ్లి, నాలుగు ఎంపికల్లో చివరిది, ఏమీ చేయవద్దు అన్నది ఎంచుకుని ఓకే కొట్టాను. కాల్ పెట్టేసి మళ్లీ కలిపితే అన్ని గొంతులూ సమానంగా వినిపించాయి. "అక్కా, మీరు సరిచేసుకోవడానికి కాసేపు కూడా పట్టలేదే" అంది ఆ అమ్మాయి. ఈ ఒక్క అమరిక ఇన్నాళ్లూ ఎంతమంది చూపులేనివాళ్ల కాల్స్‌ను పాడుచేసిందోనని ఆ రాత్రే మా మిత్రులందరికీ వాయిస్ మెసేజ్ పంపాను. ఇద్దరు వెంటనే ఫోన్ చేశారు, తమకూ అదే బాధ అని.

ముసలమ్మ రికార్డింగు 7వ తేదీన మళ్లీ మొదటి నుంచి విన్నాను. ఆమె మధ్యలో ఆగి, సముద్రం కేసి చూసి కాబోలు, కొడుకు పేరు మెల్లగా అనుకుంటుంది. ముందు విన్నప్పుడు అది నాకు అందనే లేదు. ఇప్పుడు పేరు స్పష్టంగా వినబడింది, రాశాను. మొత్తం పని 9వ తేదీ ఆదివారం రాత్రి పూర్తిచేసి పంపించాను, గడువుకు ఒక రోజు ముందు.

ఇప్పటికి ఒక్క చిక్కు మిగిలింది. సీపీయూ ముందువైపు జాక్‌లో ఇయర్‌ఫోన్ పెడితే ఎడమ చెవిలో రావడం లేదు. పిన్ను కాస్త తిప్పితే వస్తుంది, వదిలేస్తే పోతుంది. లోపల తుప్పు పట్టి ఉంటుందని పెద్దాయన ఫోన్లో అన్నారు, సంక్రాంతి అయ్యాక సీపీయూ తెస్తే ఆ జాక్ ఒక్కటి మార్చి పెడతానన్నారు. అప్పటిదాకా వెనక జాక్‌కే ఒక పొడిగింపు వైరు తగిలించి బల్ల అంచుకు కట్టుకున్నాను.